స్పాన్సర్ ఇచ్చిన బ్యాటరీ

లేత్ తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ. ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో పిల్లలెవరూ లేరు. వర్క్‌షాపు మాస్టారు ఒక్కడే నిలబడి ఇనుప కడ్డీని నున్నగా తీస్తున్నాడు. ఇనుప రజను ఉంగరాలు తిరుగుతూ వచ్చి కాళ్ళ దగ్గర పడుతోంది.

తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. వచ్చినవాడు దూలం లాంటి మనిషి. మోకాళ్ళ దాకా వేలాడే కోటు వేసుకున్నాడు. వాడు ఏ పనీ తొందరపడి చెయ్యడు. నడకా నెమ్మదే, మాటా నెమ్మదే, చంపడమూ నెమ్మదే. అందుకే ముఠాలో వాడిని నెమ్మదయ్య అంటారు.

"మాస్టారూ, పని బాగానే నేర్చుకున్నారు," అన్నాడు. "మీ అసలు ఉద్యోగం ఇది కాకపోయినా."

మాస్టారి చెయ్యి బల్ల కిందికి పోయింది. అక్కడ టేపుతో అంటించిన పిస్టల్ ఉంది. వేళ్ళకు అందింది కూడా. అప్పటికే ఆయన జుట్టు నెమ్మదయ్య పిడికిట్లో ఉంది. బల్లకు బిగించిన వైస్ దవడ మీద ఆ తలను ఒకసారి కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు లేత్ మోతలో కలిసిపోయింది. రెండోసారి కొట్టేటప్పటికి పిస్టల్ కింద పడింది. మూడోసారి అవసరం లేకపోయినా కొట్టాడు. పని సగంలో వదిలెయ్యడం వాడికి నచ్చదు.

తర్వాత కొక్కేనికి వేలాడుతున్న పొడుగు చేతుల కోటు తీసి, బడికి వెళ్ళే పిల్లాడికి తొడిగినట్టు శవానికి తొడిగాడు. కోటు చేతి అంచును, కడ్డీని పట్టి తిరుగుతున్న చక్‌కు అందించాడు. మిగతాది లేత్ చూసుకుంది.

నెమ్మదయ్య చేతులు కడుక్కుని కుళాయి గట్టిగా కట్టేశాడు. గోడ మీద బోర్డు ఉంది: లేత్ దగ్గర పొడుగు చేతుల బట్టలు వేసుకోరాదు. చదివి, నిజమేనన్నట్టు తల ఊపి, వెళ్ళిపోయాడు.

*

"యాక్సిడెంట్ అని రాసేశారు," అన్నాడు బాస్, ఫోటోను బల్ల మీద ముందుకు తోస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో మూగన్న అంటారు. నోరు లేక కాదు, దాన్ని వాడక. పల్లెటూరి బడిలో చదువుకుని వచ్చినవాడు. రైతు మబ్బును చూసినట్టు చూస్తాడు దేన్నైనా. చూసినంతసేపూ మాట్లాడడు.

కోటు చిరిగి బయటపడ్డ రెండో చెయ్యి మీద వేలు పెట్టాడు. "మోచేతి దాకా రజను కాల్చిన మచ్చలు సార్. పొడుగు చేతులు వేసుకునేవాడికి ఇవి రావు. చచ్చాక తొడిగారు."

బాస్ నిట్టూర్చి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. మాస్టారు మన మనిషే. మర్నాడు ఆ కాలేజీ మైదానంలో డిజైన్ పోటీ ఫైనల్. కాలేజీల ఇంజినీరింగ్ క్లబ్బుల పిల్లలు తమ చేతులతో తయారుచేసిన విసురు మిషన్లతో ఇసుక సంచిని దూరం విసరాలి. చీఫ్ జడ్జిగా ప్రొఫెసర్ వస్తున్నాడు. దేశపు కొత్త రాకెట్‌కు ఇంజిన్ గీసిన ముసలాయన. ఆ రాకెట్ లేవడం ఇష్టం లేని విదేశీ ముఠా ఒకటి ఆయన్ని లేపెయ్యాలని చూస్తోంది. ఆయనకు ఒక అలవాటుంది. ప్రతి మిషన్ దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమి చూస్తాడు. వాటిలో ఒక మిషన్లో బాంబు ఉంది. ఏ మిషన్లో అన్నది కాటుకకు తెలుసు.

కాటుక అన్నది కోడ్ నేమ్. ఆమె ముఠాలో మన మనిషి, లేదా మనలో ముఠా మనిషి. రెండు చోట్లా జీతం తీసుకుంటుంది, రెండు చోట్లా సెలవు పెడుతుంది.

పోటీ ఎందుకు ఆపకూడదని మూగన్న అడగలేదు. బాసే చెప్పాడు. జనం కదిలితే అవతలివాడు బటన్ నొక్కేస్తాడు. ప్రొఫెసర్ రాకపోతే ముఠా మాయమై ఇంకోచోట తేలుతుంది. ఇప్పుడైతే కనీసం చోటు తెలుసు.

"ఇంకో సంగతి. ఆ కాలేజీ క్లబ్ కెప్టెన్ ఉంది చూడు..."

"నా మేనకోడలు సార్."

అక్క పోయిన దగ్గర్నుంచి ఆ పిల్లకు తల్లీ తండ్రీ అతనే. పిల్ల మాత్రం మావయ్య పంపుసెట్లు అమ్ముతాడనుకుంటోంది.

"ఆమెను రేపు ఇంట్లో ఉంచలేం. కెప్టెన్ కనబడకపోతే వాళ్ళు పసిగడతారు."

"తెలుసు సార్."

మూగన్న ఫోటోను బల్ల మీద బోర్లించాడు.

కోడ్‌ను మాస్టారే పెట్టి పోయాడు. అడగాల్సింది: పది నంబర్ స్పానర్ ఉందా? కాటుక చెప్పాల్సింది: ఉంది. అంతే. ఇంత నాసిరకం కోడ్ తన సర్వీసులో చూడలేదని బాస్ గొణిగాడు.

గాడ్జెట్ సెక్షన్ వాళ్ళు ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఇచ్చారు. దానికి రెండు పిడులు. ఎర్రది నొక్కితే పౌడర్ చిమ్ముతుంది. నల్లది నొక్కితే పేలుడు మందు వాసన పట్టి, దగ్గరలో ఉంటే చేతిలో వణుకుతుంది. రెండూ కలిపి నొక్కితే ఏమవుతుందని మూగన్న అడిగాడు. ఇంతవరకు ఎవరూ తిరిగొచ్చి చెప్పలేదన్నారు.

*

ఖాకీ చొక్కా, అతికించిన మీసం, భుజాన ఎర్ర సిలిండర్. ఫైర్ సేఫ్టీ మనిషి వేషంలో మూగన్న మైదానంలోకి దిగాడు.

ఒక వరుసలో టెంట్లు, ఒక్కో టెంటులో ఒక్కో కాలేజీ మిషన్. చూస్తే అన్నీ ఏతాల్లాగే ఉన్నాయి. పొడవాటి చెయ్యి, వెనక బరువు పెట్టె, ముందు సంచి కట్టే తాడు. మోటారు ఆ చెయ్యిని కిందికి లాగి పిన్నుకు తగిలిస్తుంది. పిన్ను పీకితే బరువు దిగి చెయ్యి లేస్తుంది. ఏతంతో నీళ్ళు తోడితే పొలం తడుస్తుంది, దీనితో ఏం తడుస్తుందో అనుకున్నాడు. టంకం పొగ, గ్రీజు, నిద్ర లేని కళ్ళు. ఒక కుర్రాడు బల్ల కింద స్క్రూడ్రైవర్ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. మైదానం చివర టార్గెట్ బోర్డు, దాని వెనక కంచె, కంచె వెనక నీళ్ళు నిండిన పాత క్వారీ గుంట.

"పది నంబర్ స్పానర్ ఉందా బాబూ?" మొదటి టెంటులో అడిగాడు.

"ఉండేదండీ. ఎవరో పట్టుకెళ్ళారు."

రెండో టెంటులో అదే జవాబు. మూడో టెంటులో అడిగేలోపే వాళ్ళే అతన్ని అడిగారు. అప్పుడు మూగన్నకు మాస్టారి తెలివి అర్థమైంది. ఆ మైదానంలో ఆ ప్రశ్న ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఎవరికీ అనుమానం రాదు. ఉంది అనే మనిషి మాత్రం ఒక్కరే ఉంటారు.

"ఉంది," అంది వెనక నుంచి ఒక గొంతు.

స్పాన్సర్ కంపెనీ బ్లేజరు, ఎత్తు మడమల చెప్పులు, నల్ల కళ్ళద్దాలు. అద్దాలు తీస్తే కోడ్ నేమ్ ఎందుకొచ్చిందో తెలిసింది. తోలు బ్యాగులోంచి మిలమిల మెరిసే కొత్త స్పానర్ తీసి చూపించింది. ఉందని ఊరికే అంటే చాలదు, చూపించాలని మాస్టారు పట్టుబట్టాడట. మూడు షాపులు తిరిగి కొన్నదట. మాస్టారు అన్న మాట దగ్గర ఆమె అద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

మిగతాది గబగబా చెప్పింది. స్పాన్సర్ కంపెనీ ముఠాదే. పిల్లలకు ఉచితంగా ఇచ్చిన బ్యాటరీలో సెల్లుల బదులు బాంబు ఉంది. రిమోట్ నెమ్మదయ్య దగ్గరుంది. వాడు గ్యాలరీ వెనక జనరేటర్ ట్రక్కులో కూర్చున్నాడు. ప్రొఫెసర్ ఆ మిషన్ ముందు మోకాళ్ళు వంచగానే నొక్కుతాడు. నొక్కాక పేలేలోపు వాడు దాక్కోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది, వెనక్కి తీసుకోవడం మాత్రం ఉండదు.

"ఏ మిషన్?"

"పేరు వడిసెల."

మూగన్న ముఖంలో ఏమీ కదల్లేదు. చిన్నప్పుడు చేనులో పిట్టలు తోలడానికి తను రాయి పెట్టి వడిసెల ఎలా తిప్పేవాడో మేనకోడలు బుజ్జికి కథలు కథలుగా చెప్పింది అతనే.

"నన్ను నమ్ముతున్నారా?" అంది కాటుక.

"స్పానర్‌ను నమ్ముతున్నా."

*

బుజ్జి మిషన్ కింద దూరి ఉంది. కాళ్ళే కనిపిస్తున్నాయి. బయటికి వచ్చి, జుట్టు ముడిలో గుచ్చుకున్న పెన్సిల్ సర్దుకుని, ఖాకీ మనిషిని పైనుంచి కిందికి చూసింది.

"ఎడమ వైపు మీసం ఊడుతోంది మావయ్యా. పంపుసెట్ల వ్యాపారం అంత దెబ్బతిందా?"

మూగన్న స్పాన్సర్ స్టిక్కర్ అంటించిన బ్యాటరీ దగ్గర సిలిండర్ పెట్టి నల్ల పిడి నొక్కాడు. వణకలేదు. మళ్ళీ నొక్కాడు. పిడి రాయిలా ఉంది.

"ఇది వాళ్ళిచ్చిందేనా?"

బుజ్జి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. వాళ్ళిచ్చింది బండరాయి లాగా ఉందట. పెడితే మిషన్ బరువు పరిమితి దాటిందట. ఉచితంగా వచ్చినదాన్ని వద్దంటే వచ్చే ఏడు ఎవరూ ఇవ్వరు. అందుకని స్టిక్కర్ పీకి తమ పాత బ్యాటరీకి అంటించారు.

"అందరూ చేసేదే మావయ్యా. స్పాన్సర్‌కు స్టిక్కర్ కనిపిస్తే చాలు."

ఏళ్ళ తరబడి తర్ఫీదైన ముఠా ఈ ఒక్క సంగతి ఊహించలేదు. ముఠాలో ఎవరూ ఏ క్లబ్బులోనూ మిషన్ చెయ్యలేదు మరి.

"అది ఎక్కడుంది?"

"పక్కవాళ్ళకిచ్చా. వాళ్ళ వెనక పెట్టెలో బరువు చాల్లేదంటేనూ."

పక్క టెంటు కెప్టెన్‌ను అందరూ పొట్టోడు అంటారు. రెండేళ్ళుగా బుజ్జికీ వాడికీ ఉప్పూ నిప్పూ. కానీ మిషన్లు చేసేవాళ్ళ లెక్క వేరు. పోటీలో ఓడించాలి, సామాను అడిగితే మాత్రం ఇవ్వాలి. వాళ్ళ బరువు పెట్టె దగ్గర సిలిండర్ పెట్టగానే నల్ల పిడి పట్టుబడ్డ ఉడుతలా అరచేతిలో గింజుకుంది.

పెట్టె మూత చుట్టూ బోల్టులు. అన్నీ పది నంబరువి.

వరుస ఆ చివర ప్రొఫెసర్ తెల్ల టోపీ కనిపించింది. మొదటి మిషన్ ముందు ఆయన మోకాళ్ళు వంచాడు. మరీ దూరం లేదు.

"బుజ్జీ. అందులో ఉన్నది బ్యాటరీ కాదు."

ఆ పిల్ల అతని ముఖం చూసింది. ఆ ముఖం చదవడం ప్రపంచంలో ఆమె ఒక్కదానికే వచ్చు. అరిస్తే ఏమవుతుందని అడిగింది. చూస్తున్నవాడు నొక్కుతాడన్నాడు. నువ్వు గేటు దాకా మామూలుగా నడిచి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు అని కూడా అన్నాడు.

"మా టీము పిల్లలు నలుగురు ఇక్కడున్నారు మావయ్యా. వీడి పిల్లలు ఐదుగురు." పొట్టోడి వైపు చూసి మళ్ళీ అంది. "దాన్ని బయటికి తీస్తే నా వడిసెల క్వారీ దాకా విసురుతుంది. కానీ స్పానర్ లేదు."

మూగన్న గడ్డంతో గేటు వైపు చూపించాడు. బ్లేజరు మనిషి కారు తలుపు మీద చెయ్యి వేస్తోంది.

"ఆవిడ దగ్గరుంది," అని, సిలిండర్ భుజాన వేసుకుని గ్యాలరీ వెనక్కి నడిచాడు. తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

*

ట్రక్కు వెనక మెట్టు మీద ఒకడు కాపలా ఉన్నాడు. ఫైర్ చెకింగ్ అంటే నవ్వి, జేబులో చెయ్యి పెట్టాడు. పిస్టల్ సగం బయటికి రాగానే మూగన్న ఎర్ర పిడి నొక్కాడు. తెల్ల పౌడర్ వాడి కళ్ళూ నోరూ కప్పేసింది. సిలిండర్ అడుగుతో గొంతు మీద పొడిచాడు. చెరుకు గడ విరిగినట్టు చప్పుడైంది. వాడు మెట్టు మీద నుంచి జారి మళ్ళీ లేవలేదు. పిస్టల్ దొర్లుకుంటూ ట్రక్కు కిందికి పోయింది. వెతికే తీరిక లేదు.

లోపల జనరేటర్ మోత. పక్కనే మైకు సెట్టు. వేడెక్కుతోందని జనరేటర్ తలుపు తీసి పెట్టారు. లోపల ఫ్యాన్ బెల్టు కనబడకుండా తిరుగుతోంది. నెమ్మదయ్య స్టూలు మీద కూర్చుని, కిటికీలోంచి బైనాక్యులర్స్‌తో చూస్తున్నాడు. అదే కోటు. ఎడమ చేతిలో రిమోట్.

"రండి," అన్నాడు తిరిగి చూడకుండానే. "ఆయన ఇంకా రెండు మిషన్ల అవతలే ఉన్నాడు. తొందరేం లేదు."

మూగన్న సిలిండర్‌తో వాడి మోకాలి మీద కొట్టాడు. చిప్ప పగిలింది. నెమ్మదయ్య కేక వెయ్యలేదు. కుంటుతూ లేచి, రిమోట్ ఉన్న చేతి మోచేత్తోనే మూగన్న దవడ మీద గట్టిగా కొట్టాడు. రెండు పళ్ళు ఇనుప నేల మీద దొర్లాయి. అతన్ని కింద పడేసి, బాగున్న మోకాలు ఛాతీ మీద వేసి, అతని కుడి చెయ్యి పట్టుకుని, చూపుడు వేలు వెనక్కి విరిచాడు. కాస్త ఆగి నడిమి వేలు. ఇంకాస్త ఆగి ఉంగరం వేలు. కాయలు వలిచినంత నెమ్మది.

"మాస్టారు కూడా అరవలేదు," అన్నాడు మెచ్చుకోలుగా.

మూగన్న నోట్లోని రక్తం ఉమ్మేశాడు. ఎడమ చేత్తో వాడి కోటు చేతి అంచు దొరకబుచ్చుకున్నాడు.

"మాస్టారు కోటు వేసుకోడు."

ఆ అంచును తీసుకెళ్ళి ఫ్యాన్ బెల్టుకు అందించాడు.

బెల్టు బట్టను నమిలింది. బట్ట వెంట చెయ్యిని, చెయ్యి వెంట భుజాన్ని లాగింది. జీవితంలో మొదటిసారి నెమ్మదయ్య తొందరపడ్డాడు. కాళ్ళు కొట్టుకున్నాడు, పళ్ళతో కోటు చింపబోయాడు. బెల్టు ఆగలేదు. ట్రక్కు గోడల మీద రక్తం వానలా పడింది. తల ఫ్యాన్‌కు తగిలే ముందు వాడి రెండో చేతి బొటనవేలు రిమోట్ మీద బలంగా అణిగింది.

కిందపడ్డ రిమోట్ మీద ఎర్ర లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరుతోంది. రానురాను దగ్గరదగ్గరగా.

పరిగెత్తి చేరే దూరం కాదు. మూగన్న మైకు అందుకున్నాడు. మైదానంలోని స్పీకర్లన్నీ ఒక్కసారి గరగరమన్నాయి.

"బుజ్జీ. విసిరెయ్."

*

మైదానంలో అప్పటికి జరిగింది ఇదీ. బుజ్జి గేటు దగ్గర కాటుకను పట్టుకుని స్పానర్ అడిగింది. కాటుక కారు వైపు ఒకసారి, ఆ పిల్ల చేతుల మీద, మాస్టారికి ఉన్నలాంటి రజను మచ్చల వైపు ఒకసారి చూసింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వెనక్కి పరిగెత్తింది. బోల్టులు తనే తిప్పింది. గోళ్ళు రెండు ఊడి రక్తం కారుతున్నా తిప్పింది. పొట్టోడు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా, తన పెట్టెలోని ఇనుప దిమ్మలన్నీ మోసుకొచ్చి వడిసెల వెనక పెట్టెలో పడేశాడు. బరువైనది విసరాలంటే వెనక బరువూ పెరగాలి, అది వాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

సంచి కట్టే చోట నల్ల డబ్బా కట్టారు. అదే వేళకు ప్రొఫెసర్ వచ్చాడు. మోకాళ్ళు వంచబోయి డబ్బాను చూశాడు. పిల్ల ముఖం చూశాడు. వంగలేదు.

"దీనికి తాడు తగిలించే కొక్కెం ఇంకొంచెం వంచాలమ్మా," అన్నాడు మెల్లగా, సుత్తి అందిస్తూ.

బుజ్జి ఒక్క దెబ్బ కొట్టింది. స్పీకర్లలో మావయ్య గొంతు వినిపించింది. పిన్ను పీకేసింది.

వడిసెల చెయ్యి లేచింది. నల్ల డబ్బా టార్గెట్ బోర్డు మీదుగా, కంచె మీదుగా పోయి క్వారీ గుంటలోకి దిగుతూ, నీళ్ళకు ఇంకా తగలకముందే పేలింది. నేలను గట్టిగా ఒకసారి దులిపినట్టయింది. టెంట్లు కొన్ని కూలాయి. ఇనుప ముక్క ఒకటి వచ్చి టార్గెట్ బోర్డు నడిమధ్యలో దిగబడింది. ఒకటి పొట్టోడి చెవి అంచు కోసుకుపోయింది. తర్వాత బురద, చేపలు, రాళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి.

*

ట్రక్కు పక్కన నేల మీద కూర్చోబెట్టి బుజ్జి అతని వేళ్ళకు హాక్సా బ్లేడు ముక్కలు ఆసరా పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టింది. చుట్టు తిన్నగా పడింది.

"నువ్వసలు పంపుసెట్లు అమ్ముతావా?"

"అప్పుడప్పుడు."

ఆమె ఏడ్చింది, నవ్వింది, టేపు పళ్ళతో తెంపింది. కమిటీ మనిషి అంతకుముందే వచ్చి తీర్పు చెప్పి పోయాడట. ఈల వెయ్యకముందే విసిరారు, బరువు పరిమితి దాటింది, పక్క టీము సామాను వాడారు, వస్తువు మైదానం బయట పడింది. రెండు టీములూ డిస్‌క్వాలిఫై. దూరం కొలిచారా అని ప్రొఫెసర్ అడిగితే నిబంధనల్లో లేదన్నాడట.

బాస్ కారు దిగి వచ్చాడు. ట్రక్కులోకి తొంగి చూసి, ముఖం తిప్పుకున్నాడు. కాటుక ఏదని అడిగాడు. ఎవరికీ తెలియదు. పొగ తేరేటప్పటికి ఎత్తు మడమల చెప్పులు మాత్రం వడిసెల పక్కన ఉన్నాయి.

"పోనీ ఆ స్పానర్ అయినా ఇవ్వమ్మా. ఆమె వేలిముద్రలు దొరుకుతాయి," అన్నాడు బాస్.

బుజ్జి జేబులు తడుముకుంది. బల్ల మీద చూసింది, మిషన్ కింద చూసింది, పొట్టోడి వైపు చూసింది. వాడు కట్టు కట్టిన చెవి పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"ఉండేదండీ," అంది. "ఎవరో పట్టుకెళ్ళారు."